ఇంగొక తూరి నీళ్ళు

ఎక్కడ నీళ్ళు తాగినా మొదటి చుక్కను నాలుక మీద నిలిపి, రుచి చూసి, ఆ తర్వాతే మింగే అలవాటు నాకు ఆమె అంటించి పోయింది. పెళ్ళిళ్ళలో ఇదే, హోటళ్ళలో ఇదే, బస్టాండు చలివేంద్రంలోనూ ఇదే. నా భార్యకు ఇది చూస్తే ఒళ్ళు మంట. "నీకెవరన్నా విషం పెడతాండారా?" అని అందరి ముందూ అడుగుతుంది. మొన్న మైదుకూరులో బంధువుల ఇంటికి పోయినప్పుడు గ్లాసు అందుకుని అలాగే చేశాను. నీళ్ళు కొంచెం ఉప్పగా తగిలాయి. వెంటనే వెనక నుంచి ఎవరో "ఇంగొక తూరి పోయల్ల" అన్నట్టు వినిపించి చప్పున తిరిగి చూశాను. గోడకు క్యాలెండరు తప్ప అక్కడ ఎవరూ లేరు. ఆమె పోయి ఏడాది దాటింది.

ఆమె మా ఇంటి ఓనరమ్మ. కల్లూరులో కొత్తగా లేచిన వీధుల్లో ఒకదాంట్లో కింద ఆమె, పైన మేము, మా నెత్తిమీద మిద్దెపైన ఆమె టమాట చెట్లు. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం తెల్లచీర కట్టి, బైబిలు చంకలో పెట్టుకుని చర్చికి పోతుంటే వీధిలో మగపిల్లలు సిగరెట్లు దాచేవాళ్ళు. మిగతా రోజులంతా నైటీ మీద తువ్వాలు, మోచేతుల దాకా అంటుకున్న గోధుమరంగు పొట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు, నోట్లో ఎవరో ఒకరి మీద ఫిర్యాదు.

ఇల్లు చూడడానికి పోయిన రోజు ఆమె నా పేరు అడగలేదు, ఉద్యోగం అడగలేదు. దగ్గరికి రమ్మని, బొటనవేలితో నా కింది కనురెప్ప లాగి చూసింది. "రక్తం తక్కువుండాది. ఆకుకూర తినల్ల. మెట్ల మీద చెప్పులిడవగూడదు. మిద్దె మీదికి నన్ను అడక్కుండా ఎక్కగూడదు," అంది. అంతే, ఇల్లు మాదయిపోయింది. ఆ తర్వాత తెలిసింది, చెట్లను కూడా ఆమె అలాగే చూస్తుందని. ఆకును రెండు వేళ్ళ మధ్య పట్టి, వెనక్కు తిప్పి, ఎండకు పెట్టి, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరిగిందేమో చూసేది. తిరగలేదని తేలితే ఆకును వదిలి, చెట్టు చెంప తట్టినట్టు కాడను ఒకసారి తట్టేది. మనుషులను మాత్రం తట్టేది కాదు.

మిద్దెమీద మట్టి అన్నది లేదు. ఉన్నదంతా కొబ్బరి పొట్టే. పీచు తీసినాక మిగిలే పొట్టును మిషన్లో అదిమి ఇటుకలుగా చేసి అమ్ముతారు కదా, అది. ఆ ఇటుకను తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే ఉబ్బి ఉబ్బి తొట్టి నిండుతుంది. లోకంలో అందరూ దాన్ని సంచుల్లోకి ఎత్తి మొక్క నాటుకుంటారు. ఆమెకు మాత్రం పని అప్పుడే మొదలయ్యేది. కడిగేది. పాత పంచె గుడ్డలో మూటకట్టి పిండేది. ఆ పిండిన నీళ్ళలో వేలు ముంచి నాలుకకు రాసుకుని, కళ్ళు మూసుకునేది. పక్కకు ఉమ్మేది. "ఇంగొక తూరి పోయల్ల," అనేది, తనకు తానే. మళ్ళీ కడిగేది. ఉప్పు జాడ పూర్తిగా పోయిందని నాలుక ఒప్పుకున్నాక, ఎరువుల అంగట్లో దొరికే కాల్షియం నైట్రేటు నీళ్ళలో కలిపి, దానికి తోడు కాస్త మెగ్నీషియం వేసి, పొట్టును అందులో ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టేది. దాన్ని ఆమె సున్నం మందు అనేది. ఆ మందు పడినాక మాత్రం నాలుక దాకా పోనిచ్చేది కాదు. అదీ వార్చి, మళ్ళీ మంచినీళ్ళు పోసి, అప్పుడు సంచుల్లోకి ఎత్తేది.

"అంత కడిగినాక మళ్ళా మందు ఏంటికమ్మా?" అని ఒకరోజు అడిగాను. అడక్కుండా ఉండాల్సింది, నిలబెట్టి పాఠం చెప్పింది.

"కల్లూరు షేరాటో ఎక్కుతావు గదా రోజూ? ఈ పొట్టు అట్లాంటిదే. సీట్లన్నిట్లో ముందే ఉప్పు కూచోనుంటాది. ఉత్తనీళ్ళు పోస్తే కమ్మీ పట్టుకోని యాలాడేవోళ్ళు దిగిపోతారు. లోపల కూచున్నోళ్ళు దిగుతారా? దిగరు. వాళ్ళను లేపల్లంటే సున్నం రావల్ల. అది లావుపాటి మనిషి. వచ్చి కూచున్యాదంటే ఉప్పు లేసి పోవాల్సిందే."

"లేపకపోతే ఏమైతాది?"

"చెట్టుకని నువ్వు సున్నం పోస్తావు. మధ్యలో పొట్టే దాన్ని లాక్కోని కూచోబెట్టుకుంటాది. చెట్టు నోటికాడికి చేరదు. నువ్వేమో పెట్టినా గదా, ఇంగేం రోగమొచ్చిందిరా నాయనా అని చూస్తా ఉంటావు. చెట్టు కడుపు మాడ్చుకోని కాయ కాస్తాది." ఆమె అక్కడ ఆగింది. "కాయ పైకి బాగనే ఉంటాది," అని, మూట పిండడంలో పడింది.

ఆ కడగడం మా ఇంట్లో గొడవలకు మూలం. మంచినీళ్ళు పైపులో వచ్చేదే అపురూపం. వచ్చిన పూట బిందెలు, బకెట్లు, చివరికి ఇడ్లీపాత్ర కూడా నింపుకునే వాళ్ళం మేము. ఆమె అదే పూట మిద్దెమీది డ్రమ్ము నింపుకుని పొట్టుకు పోసేది. ఎండాకాలంలో నా భార్య స్నానానికి చెంబులు లెక్క పెట్టుకుంటుంటే పైన దబదబా నీళ్ళు పడుతున్న చప్పుడు. ఒకసారి ఉండబట్టలేక నా భార్య పైకి పోయి, కడిగిన నీళ్ళన్నా మందారం చెట్టుకు పోయొచ్చు కదా అని అడిగింది. ఆమె ఆ నీళ్ళను ఒక గ్లాసులో ముంచి, చాలా మర్యాదగా, "తాగు. నువ్వు తాగితే మందారానికి పోస్తా," అంది. నా భార్య ఆ వారమంతా ఆమెతో మాట్లాడలేదు. ఆమె అది గమనించిందని కూడా నేననుకోను.

రైతుబజారులో ఆమె అంటే అందరికీ తెలుసు. ఏ గంప దగ్గరికి పోయినా టమాట చేతిలోకి తీసుకుని, ముందు తలకిందులు చేసి అడుగు చూసేది. రంగు చూడదు, గట్టిదనం చూడదు. అడుగు చూసి పెట్టేసేది. ఆమె రావడం కనిపిస్తే గంపల దగ్గర ముసలి సాయిబు గట్టిగా అరిచేవాడు: "నర్సమ్మొస్తాంది! టమాటాలన్నీ బోర్లా పెట్టండప్పా, ఆమెకు తిప్పే మెహనత్ తప్పుతాది!" అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే ఇంకో కాయ తిప్పేది. నేను సంచీ పట్టుకుని వెనక నిలబడి, ఇదేదో ముసలితనపు చాదస్తం అనుకునేవాణ్ణి.

ఇంట్లో కాసిన కాయలు ఆమె తినేది కాదు. ముందు కోత ఎప్పుడూ బెంగళూరుకు. అక్కడ ఏదో అపార్టుమెంటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్న తమ్ముడికి. ఆ తమ్ముణ్ణి తల్లి పోయినాక ఆమే చంకనేసుకుని పెంచిందని చర్చి వాళ్ళు చెప్పారు. బెంగళూరు పోయే వాళ్ళెవరున్నారా అని వెతికి, చిన్న వెదురుబుట్టలో గడ్డి పరిచి, కాయలు ఒక్కొక్కటీ అడుగు పైకి వచ్చేట్టు పేర్చి పంపేది. పోయిన మనిషి తిరిగి వచ్చేదాకా మెట్ల మీద కూర్చునేది. బుట్ట మాత్రం ఎప్పుడూ నిండుగానే తిరిగి వచ్చేది.

"తీసుకోలేదమ్మా. అక్కకే ఇయ్యమన్యాడు."

"అడుగు చూసినాడా?"

"బుట్ట మీది గుడ్డే తీయలేదమ్మా."

ఆమె తలూపి, ఆ బుట్టను అలాగే తెచ్చి మా గడపలో పెట్టి పోయేది. మేము పప్పులో వేసుకునేవాళ్ళం. మంచి కాయలు, పులుపూ తీపీ సరిగ్గా ఉన్నవి. అయినా ముద్ద దిగేది కాదు. ఇంకొకరి విస్తట్లో కూర్చుని తింటున్నట్టు ఉండేది. నా భార్యే ఒకరోజు కంచం పక్కకు తోసి, "ఆ మనిషి ఒక్క కాయ తింటే ఈమె నీళ్ళు వంచడం ఆపుతుందేమో," అంది. అప్పటికి మాకు అసలు సంగతి తెలియదు.

తెలిసింది నా ఉపకారబుద్ధి వల్ల. ఆ ఎండాకాలం పైపులో నీళ్ళు మరీ తగ్గిపోయాయి. డ్రమ్ము అడుగంటింది. తొట్టిలో పొట్టు సగం కడిగి ఉంది. మా వీధి చివర క్యాన్లు నింపే నీళ్ళ ప్లాంటు ఒకటి ఉండేది. దాని వెనక పైపులోంచి ఒక ధార ఎప్పుడూ కాలువలోకి పోతుంటుంది. అడిగితే ప్లాంటాయన, "వేస్టు నీళ్ళే, పట్టుకోప్పా," అన్నాడు. రెండు క్యాన్లు పట్టి, ఆపసోపాలు పడుతూ మిద్దెమీదికి మోసుకుపోయి ఆమె ముందు దించాను. మెచ్చుకుంటుందని నిలబడ్డాను కూడా.

"యాడివి?" అంది.

"ప్లాంటువమ్మా. ఊరికే పోతాంటే..."

ఆమె మూత తీసి వేలు ముంచింది. నాలుకకు తాకించుకుంది. ఆమె ముఖం అలా అవడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాత ఆసుపత్రిలో కూడా చూడలేదు. రెండు క్యాన్లనూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి పిట్టగోడ మూలనున్న తూములో వంపేసింది. చివరి చుక్క దాకా వంపి, ఖాళీ క్యాను మీదే కూలబడింది.

"మా నేల కమలాపురం అవతల," అంది. "చౌడు. ఎండకు ఉప్పు పొంగి తెల్లగా మెరుస్తాది. మా నాయన దాంట్లో విత్తనం ఏసి ఏసి పోయినాడు. మా తమ్మునికి నేనే చెప్పినా. నేలను నమ్మద్దురా, నేల మీద సంచులు పెడదాం, పొట్టు నింపుదాం, మీద నీడవల కడదాం, టమాట పెడదాం అని. వాడు వద్దులే కా అన్యాడు. నేను ఇనలేదు. నేనుండాను గదరా అంటి."

ఎదురుగా తొట్టిలో పొట్టు ఎండకు పైపైన ఆరిపోతోంది. ఆమె దాన్నే చూస్తూ చెప్పింది.

"బోర్లో తియ్యటి నీళ్ళే గానీ సన్నధార. డ్రిప్పుకే సరిపొయ్యేటివి కాదు. లారీడు పొట్టు కడగల్లంటే యాడనుంచి తెచ్చేది? రోడ్డు మీద ఒకాయన ఈడ మాదిరే ప్లాంటు పెట్టింటే, వేస్టు నీళ్ళు ట్యాంకరుకు పట్టి తోలిస్తి. మంచినీళ్ళు చేసేకాడ నుంచి వచ్చేటివి చెడ్డనీళ్ళు ఎట్లయితాయి అనుకుంటి. మంచిదంతా క్యాన్లలోకి తీసుకోని, మిగిలిన ఉప్పంతా దీంట్లోకి ఇడుస్తారని నాకు తెలీకపాయె. సున్నం మందు సంగతీ తెలీకపాయె. ఎంతమందికి సెలైన్ ఎక్కించినదాన్ని, ఒక్క చుక్క నోట్లో ఏసుకోని చూడలేదప్పా నేను."

చెట్లు బాగా లేచాయట. ఊళ్ళో వాళ్ళు వచ్చి చూసి పోయారట. మొదటి గుత్తి ఎర్రబడిన రోజు తమ్ముడు ఒక కాయ కోసి ఆమె చేతిలో పెట్టాడు. పైకి నిగనిగలాడుతున్న కాయ. తిప్పితే అడుగున నల్లగా, తోలులాగా, వేలు పెడితే లోపలికి పోయేట్టు. ఇంకో కాయ తిప్పారు. ఇంకో చెట్టు. వల కింద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వంగి వంగి కాయలు తిప్పుకుంటూ పోయారట అక్కా తమ్ముడూ. తర్వాత ఒక వ్యవసాయాధికారి వచ్చి పొట్టు చూసి, నీళ్ళు చూసి, జరిగింది విడమరిచి చెప్పాడు.

"చౌడులోనుంచి తప్పిస్తానని చెప్పి, ఆ చౌడునే సంచులకెత్తి ఇచ్చినా వానికి," అంది. "తిట్టింటే బాగుండు. ఒక్కమాట అన్లేదు. చెట్లు వాడే పీకినాడు. వల గాలికి చినిగిపాయె. బెంగళూరుకు పాయె. ఈ పొద్దుకూ నాతో నోరు విప్పి మాట్లాడడు." కళ్ళద్దాలు తీసి నైటీ అంచుతో తుడిచింది. అద్దాలకు పొట్టు అంటి ఇంకా మసకబారాయి. "వాడు నాతో మాట్లాడకపోయినా పర్వాలేదప్పా. ఒక్క కాయ తిప్పి చూస్తే చాలు. అక్క ఇప్పుడు బాగ కడిగింది అనుకుంటే చాలు."

ఆ రోజు నుంచి నేను డ్రమ్ము కోసం నా వాటా నీళ్ళు కూడా మోశాను. నా భార్యే బిందెలు నింపి అందించేది.

ఆ తర్వాతి చలికాలంలో ఒక పొద్దున ఆమె ఎప్పట్లాగే మిద్దెమీద కడుగుతోంది. నేను పనికి బయల్దేరుతూ చూశాను, ఎదురుగా టీ అంగట్లో మఫ్లరు చుట్టుకున్న సన్నపాటి పెద్దమనిషి ఒకాయన మా మిద్దెవైపే చూస్తూ కూర్చున్నాడు. ముందున్న టీ చల్లారి మీగడ కట్టింది. నేను షేరాటో కోసం నిలబడినంతసేపూ ఆయన కదల్లేదు. ఎందుకో వెనక్కు వచ్చి ఆమెకు చెప్పాను. మఫ్లరు అనగానే ఆమె చేతిలో మూట జారిపోయింది. ఆ వయసులో, ఆ శరీరంతో, చెప్పులు లేకుండా మెట్లు ఎలా దిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అంగట్లో చల్లారిన టీ మాత్రం ఉంది.

"తిట్టను వచ్చింటాడు మా తమ్ముడు," అంది, తిరిగి మెట్లెక్కుతూ, ఒక్కో మెట్టుకూ ఆగుతూ. "నన్ను చూసినాక తిట్టేది కూడా దండగనుకోని పోయినాడు."

ఆ రోజు ఆమె ఆ పొట్టును సాయంత్రం దాకా కడిగింది. నాలుకకు ఎప్పుడో తీపి తగిలే ఉంటుంది. అయినా కడిగింది.

జబ్బు చేసినప్పుడు అదేమిటో డాక్టర్లకన్నా ముందు ఆమెకే తెలిసింది. ఆసుపత్రికి చూడడానికి పోతే, పక్క మంచం మీది మనిషికి సెలైన్ సరిగా ఎక్కడం లేదని నర్సును కేకలేస్తూ కనిపించింది. నన్ను చూసి దగ్గరికి పిలిచి, అలవాటుగా నా కనురెప్ప లాగి చూసింది. చేతిలో బలం లేదు, వేలు జారిపోయింది.

"తొట్లో పొట్టు నానేసి వస్తి. మర్చిపోతావేమో. ఇంగొక తూరి పోయల్ల దానికి."

"పోస్తానమ్మా."

"మిగిలిన ఒక్క చెట్టు నిండా పిందెలుండాయి. నేను పోయినాక వాడు రాకుండా ఉండడు. వస్తాడు. ఒక కాయ ఇయ్యి. తినకపోయినా పర్వాలేదు. అడుగు చూపియ్యి. చూపిస్తావు గదా?"

చూపిస్తానన్నాను. నా ముందు ఎవరైనా పోవడం గురించి మాట్లాడితే మాట మార్చేవాణ్ణి నేను. ఆమె ముందు మార్చలేకపోయాను. ఆమె నిశ్చింతగా కళ్ళు మూసుకుంది.

ఆమె పోయినాక ఆ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాం. ఉండలేదు. సమాధి చేసి వచ్చిన మర్నాడు, మిట్టమధ్యాహ్నం, మెట్ల మీద తడిపొట్టు వాసన గుప్పున కొట్టింది. అప్పుడే ఎవరో ఇటుకను నీళ్ళలో వేసినట్టు. నేను పైకి పరిగెత్తాను. తొట్టి నేను వదిలినట్టే ఉంది. నా భార్య మెట్ల కింద నిలబడి, "నీకూ వచ్చిందా వాసన?" అంది. వచ్చింది అన్నాను. ఆ తర్వాత పొద్దున్నే పంచె గుడ్డ పిండుతున్న చప్పుడు వినిపించేది. లేచి పోతే చెట్టు నిలబడి ఉండేది, కాయలు బరువెక్కి, కాడ ఒకవైపుకు ఒరిగి. నాకు భయమేయలేదని అబద్ధం చెప్పను. కానీ ఆ భయం ఆమెను చూసి కాదు, చేస్తానన్న పని చేయలేకపోతానేమోనని.

సమాధి వేళకు తమ్ముడు అందలేదు. ఆమెను తలుచుకుని ప్రార్థన చేసే ఆదరణ కూడిక రోజు వచ్చాడు. చర్చి వాళ్ళంతా కింద గదిలో చాపల మీద కూర్చున్నారు. పాస్టరుగారు ఇంకా రాలేదు. అదే మఫ్లరు, అదే సన్నపాటి మనిషి, గుమ్మం బయటే నిలబడి లోపల ఫొటోకు వేసిన దండను చూస్తున్నాడు. చర్చి ఆడవాళ్ళు ఒకరిద్దరు ఆయన్ను చూసి మొహం తిప్పుకున్నారు. నేను దగ్గరికి పోయి, "అన్నా, ఒకసారి పైకి రా," అన్నాను.

మిద్దెమీద ఎండ చురుక్కుమంటోంది. చెట్టు చూసి ఆగిపోయాడు. నేను కాయ కోయడానికి వంగితే, ఆయన చెట్టు దగ్గరికి రాలేదు. తిన్నగా డ్రమ్ము దగ్గరికి నడిచాడు. మూత జరిపాడు. వేలు ముంచి, నాలుకకు తాకించుకుని, కళ్ళు మూసుకున్నాడు. అచ్చం ఆమెలాగే.

"తియ్యగుండాయి," అన్నాడు.

"అమ్మ మంచినీళ్ళతోనే కడిగేదన్నా. ఆ పొద్దు తెలీకనే..."

"నాకు తెలుసు."

"ఏం తెలుసన్నా?"

"ఆ నీళ్ళు ఉప్పని నాకు ఆ పొద్దే తెలుసప్పా." డ్రమ్ము అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు. "ట్యాంకరు పైపు కాడ మొగం కడుక్కుంటి. నోట్లోకి పోయినాయి. ఉప్పగా తగిలినాయి. చెప్పల్లనుకుంటి. తిరిగి చూస్తే అక్క ఆ ఎండలో మోకాళ్ళ దాకా పొట్టులో నిలబడి తొక్కుతాండాది. ఇంట్లో రెస్టు తీసుకోవాల్సిన మనిషి, నా కోసరం. ఇంగొక ట్యాంకరు తియ్యటి నీళ్ళు యాడ తెస్తాం? నారు చూస్తే వాడిపోతాండాది. పొట్టు గదా, ఏమైతాదిలే అనుకుంటి. నోరు మూసుకుంటి."

"తర్వాతన్నా అమ్మకు చెప్పలేకపోయినావా అన్నా?" అన్నాను.

"ఎట్ల చెప్పేది? కాయలు నల్లబడినాక అక్క నా కాళ్ళు పట్టుకున్యాది. నన్ను చంకనేసుకోని పెంచిన మనిషి నా కాళ్ళు పట్టుకోని, తప్పు నాదిరా అన్యాది. అప్పుడు నేను, నాకు ముందే తెలుసు అక్కా అని ఏ నోటితో అందును? ఆమె పంపిన కాయలు ఏ మొగం పెట్టుకోని తిందును? చెప్పల్లనే ఒకతూరి వస్తి. ఎదురంగట్లో కూచుంటి. పైన ఆమె కడుగుతాండాది. వేలు ముంచుతాది, నోట్లో పెట్టుకుంటాది, మళ్ళా కడుగుతాది. అది చూస్తాంటే నా వల్ల కాలేదప్పా. లేసి బస్సెక్కితి."

ఆయన కోపం అనుకుని ఆమె ఇన్నేళ్ళూ కడిగింది. ఆయన సిగ్గు ఆమెకు కోపంలాగా కనిపించింది. ఆయన ఒక్కమాట అనుంటే ఇద్దరూ తేలికపడేవాళ్ళు. నాకు ఆయన మీద జాలి వేసింది, చెప్పలేనంత కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చినప్పుడు మనిషి ఏం చేయాలో నాకు తెలియదు. నేను చేస్తానన్న పని చేశాను. పెద్దకాయ ఒకటి కోసి, తలకిందులు చేసి, అడుగు కనపడేట్టు ఆయన ముందు చెయ్యి చాపాను.

"అమ్మ చూపించమనింది."

ఆయన చూశాడు. అడుగు నున్నగా, ఎర్రగా, మచ్చ లేకుండా ఉంది. తీసుకుని, ఆ అడుగు వైపు నుంచే కొరికాడు. రసం మోచేతి దాకా కారింది. తుడుచుకోలేదు. గింజ కూడా వదలకుండా తిన్నాడు. కింద పాస్టరుగారు వచ్చినట్టున్నారు, పాట మొదలైంది. ఆయన దిగి పోయి, చాపల చివర, చెప్పుల పక్కన కూర్చున్నాడు.

ఇల్లు ఇప్పుడు ఆయనదే. వచ్చి ఉండమంటే రాడు. మేము పైననే ఉన్నాం. ఆ చెట్టు ఎండిపోయాక ఇంకోటి పెట్టాను. ముందు కోత బెంగళూరుకు పంపుతాను. ఇప్పుడు బుట్ట ఖాళీగా తిరిగొస్తోంది. పొట్టు కడిగేటప్పుడల్లా ఆమెకు చెబుతుంటాను, పైకే, ఎవరన్నా వింటే పిచ్చివాడనుకుంటారని కూడా చూసుకోకుండా. అమ్మా, ఆయనకూ ముందే తెలుసంట. తప్పు నీ ఒక్కదానిది కాదంట. కాయ తిన్నాడమ్మా, అడుగు చూసే తిన్నాడు. నీళ్ళు తియ్యగా ఉన్నాయన్నాడు. ఇంక చాలు, కడగడం ఆపు. అంతా చెప్పి, మూట పిండి, వేలు ముంచి నాలుకకు రాసుకుంటాను. ఉప్పు జాడ ఉండదు. అయినా నా వెనక ఆమె "ఇంగొక తూరి" అనే అంటుంది. నేను మళ్ళీ పోస్తాను.